బడిలో తోటపని
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



25 సంవత్సరములు నిండిన గ్రంథాలయములో నిలిచి మట్టిని గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని పుస్తకములోని బెండకాయ బొమ్మకు పేరు చెప్పగల బాలురే, పూత రాని బెండమొక్కను మడిలో గుర్తింపలేకున్నారు. రైతుబిడ్డలే ఇట్లున్నారు.

1937 అక్టోబరులో వార్ధా విద్యా సమావేశమున గాంధీమహాత్ముడు చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని ప్రతిపాదించెను. ఆ మార్గమున వెలసిన బేసిక్ పాఠశాలలలో వ్యవసాయమునకును చోటుండెను. అవి నిలువలేదు. కారణములు పెక్కు, ఒకటి మాత్రము మన గడపలోనిదే. "నాగలి తప్పించుటకే గదా బడికి పంపుచున్నాము, అచ్చటను పారయేనా?" అని తండ్రి అడుగును. తరతరములుగా నడుము వంచినవాని ప్రశ్న అది, తేలికగా త్రోసివేయరాదు. పైగా కొన్ని బడులలో తోటపని యనగా ఆలస్యముగా వచ్చినవానికి శిక్ష, లేదా పేదవాని బిడ్డకు వెట్టి. అట్టి తోట లేకుండుటయే మేలు. సర్పంచిగారి మనుమడు, పాలేరు కొడుకు, ఆడపిల్ల, మగపిల్లవాడు అందరును వంతు చొప్పున పార పట్టవలెను.

ఆ తండ్రికి నా సమాధానమిది. బడిలో త్రవ్వినంత మాత్రమున చాలదు. కొలువవలెను, ఎంచవలెను, వ్రాయవలెను. 100 గింజలను తడిగుడ్డలో చుట్టి, మొలచినవానిని ఎంచిన శాతమన నేమో తెలియును. పొడవు వెడల్పులు 3 మీటర్లు గల మడిలో సాళ్ల నడుమ 60, మొక్కల నడుమ 30 సెంటీమీటర్ల ఎడముంచిన బెండమొక్కలు 50 పట్టునని లెక్క చెప్పును; మడియు అదే చెప్పును. పెసరమొక్కను పెల్లగించి వేళ్లమీది బుడిపెను చీల్చి చూపుడు. లోపల గులాబివన్నె యున్నచో, అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు అందించుచున్నవన్నమాట. అపరాల తరువాతి పైరు బాగుండునని తాతకు తెలియును. ఏల బాగుండునో మనుమడు చెప్పగలుగును.

బడితోటకు చీడపీడలకంటె వేసవి సెలవులు పెద్ద గండము. ఏప్రిల్ చివరినుండి జూన్ వరకు నీరు పోయువాడుండడు. కావున తొలకరికి తోటకూర, గోంగూర, బెండ. చలికాలమునకు వంగ, టమాట, కొత్తిమీర వేసి, మార్చికి మడులు ఖాళీ చేయుట యుక్తము. ఏడాది పొడుగున నిలుచుటకు మునగ, కరివేపాకు చాలును. తోటకూర నెలదినములలో కోతకు వచ్చును గనుక పసివారి ఓర్పునకు తగినది. మధ్యాహ్న భోజనమునకును పనికివచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము బడులలో పోషకాహార తోటలకై మార్గదర్శకములు వెలువరించినది.

ఔషధపు మొక్కల విషయమున జాగ్రత్త అవసరము. తులసి, నేలవేము, తిప్పతీగ, కలబందలను గుర్తుపట్ట నేర్పుడు. వైద్యము చేయ నేర్పకుడు. బిళ్లగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్తపు కాన్సరుకు మందు. ఆ ఆకునే నమిలినచో విషము. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలను మొదటి పాఠముననే చూపి హెచ్చరింపవలెను.

ఇక ఈ గ్రంథాలయము చేయదగినది కలదు. పిల్లలు ఎండబెట్టిన ఆకులను అట్టలకు అంటించి, దొరికిన చోటు, తేది, మన అవ్వలు పిలుచు పేరు వ్రాసి భద్రపరుపవచ్చును. పుస్తకములవలెనే చిక్కుడు, బీర, గోంగూర విత్తనములను అరువిచ్చి, పంట పిదప రెట్టింపు పుచ్చుకొనవచ్చును. సంకరజాతి విత్తనములు మాత్రము ఇందుకు తగవు. మరుపంటలో గుణము మారును. దీనికి బీరువాలో ఒక అర చాలును. రాబోవు తొలకరికి మునుపే ఆ అరను కేటాయింపుడని కార్యవర్గమువారిని కోరుచున్నాను.