చంద్రుడికి వైరు వేద్దామా? లాంగ్ వైర్‌తో మూన్‌బౌన్స్

మూన్‌బౌన్స్ అంటే మన రేడియో సిగ్నల్‌ని చంద్రుడికి కొట్టి, తిరిగి భూమ్మీద వినడం. వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు. 144 మెగాహెర్ట్జ్‌లో దారిలో పోయేది దాదాపు 252 డెసిబెల్స్. అందుకే యాంటెన్నా గెయిన్ చాలా కావాలి.

చాలామంది అడిగే ప్రశ్న ఏంటంటే, "యాగీలు ఖరీదు కదా, ఊళ్లో పొలం ఉంది, వైరుతో రాంబిక్ కడితే సరిపోదా?" రాంబిక్ అంటే డైమండ్ ఆకారంలో కట్టే నాలుగు పొడవాటి వైర్లు. ఇది పని చేస్తుంది. 1966లో ఆస్ట్రేలియాలోని బర్చిప్ నుంచి ఒక అమెచ్యూర్ రాంబిక్‌లతోనే 144 మీద చంద్రుడి మీదుగా కాలిఫోర్నియాని అందుకున్నాడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. 144లో వేవ్‌లెంగ్త్ సుమారు 2.08 మీటర్లు. ఒక్కో వైరు 20 వేవ్‌లెంగ్త్‌లు, అంటే దాదాపు 42 మీటర్లు పెట్టి, ఫోర్‌ఎన్‌ఈసీ2లో ఒక్కో వైరుకి 11 సెగ్మెంట్లే ఇచ్చా. గెయిన్ చూసి ఎగిరి గంతేశా. అదంతా చెత్త నంబర్! ఒక్కో సెగ్మెంట్ దాదాపు 3.8 మీటర్లు, అంటే వేవ్‌లెంగ్త్ కంటే పెద్దది. అది వేవ్‌లెంగ్త్‌లో పదో వంతు కంటే చిన్నగా ఉండాలి. వేవ్‌లెంగ్త్‌కి 20 చొప్పున ఇస్తే వైరుకి 400, మొత్తం 1600.

ఇంకో చెక్ ఉంది. చివర రెసిస్టర్ తీసేసి, వైరుని లాస్ లేనిదిగా పెట్టి, ఫ్రీ స్పేస్‌లో రన్ చేయండి. యావరేజ్ గెయిన్ 1కి దగ్గరగా రాకపోతే ఆ మోడల్‌ని నమ్మొద్దు. తర్వాత రెసిస్టర్ పెట్టి చూడండి, పవర్‌లో కొంత అందులో వేడిగా పోతుంది.

మోడల్ సరిగ్గా వచ్చినా అసలు సమస్య వేరే. రాంబిక్ తిరగదు, చంద్రుడు ఆగడు. ఆకాశంలో గంటకి సుమారు 14.5 డిగ్రీలు కదులుతాడు. బీమ్ 5 డిగ్రీలు అనుకుందాం, మీకు దొరికేది 20 నిమిషాలు! పైగా హైదరాబాద్ దగ్గర చంద్రోదయం దిక్కు, ఎక్కువ తేడా ఉండే ఏళ్లలో, ఉత్తరం నుంచి 60 డిగ్రీలకీ 120 డిగ్రీలకీ మధ్య ఊగుతుంది. మీ బీమ్‌లోంచి వెళ్లేది నెలకి సుమారు రెండుసార్లు మాత్రమే.

అందుకే వైరు కొనేముందు మీ ఊరికి చంద్రుడి దిక్కు, ఎత్తు పట్టిక వేసుకోండి. 80 మీటర్ల పొడవు పొలం, అవతల టైమ్‌కి సిద్ధంగా ఉండే పార్ట్‌నర్, రెండూ ఉంటే రాంబిక్ కట్టండి. లేదంటే తిప్పగల ఒక పొడవాటి యాగీ తీసుకుని, క్యూ65 లాంటి డిజిటల్ మోడ్‌లో పెద్ద స్టేషన్ల కోసం ప్రయత్నించండి. గెయిన్ తక్కువైనా గంటల తరబడి చంద్రుడిని వెంటాడొచ్చు.

లైసెన్స్ లేకుండా మాత్రం ట్రాన్స్‌మిట్ చేయకండి. గెయిన్ నంబర్ ఒక్కటే చూసి ఆగిపోకండి, చంద్రుడు ఎప్పుడు ఎక్కడుంటాడో కూడా చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!