కోటి చుట్ల ఇరుసు
(స్మారకోపన్యాసం)

ఒక్కసారికి సులువుగా మోయగల బరువునే లక్షలసార్లు మోయవలసి వస్తే ఉక్కు విరగవచ్చు. ఇదే లోహపు అలసట. రైలు ఇరుసులో ఇది తేటగా తెలుస్తుంది. పెట్టె బరువుకు ఇరుసు వంగి, పైవైపు సాగుతుంది, కిందివైపు నొక్కుకుంటుంది. చక్రం అర చుట్టు తిరిగేసరికి సాగిన చోటు నొక్కుడులోకి, నొక్కుకున్న చోటు సాగుడులోకి వెళ్తాయి.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా 1890ల తొలినాళ్లలో మీటర్‌గేజ్ బండ్లు నడవడం మొదలయ్యేనాటికే యూరప్ ఈ పాఠాన్ని ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు వెళ్తున్న రైలులో ముందు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెల తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. మంటల్లో యాభైమందికి పైగా చనిపోయారు. కుదుపులకు ఇనుము లోపలి నార చెడి పలుకులుగా మారుతుందని అప్పటి నమ్మకం. మరుసటి ఏడు ఇంజనీరు రాంకిన్ విరిగిన ఇరుసులను పరిశీలించాడు. పగులు ఇరుసు మందం మారే మూల దగ్గర మొదలై మెల్లగా లోపలికి పాకుతోందని చూపి, ఆ మూలను గుండ్రంగా మలచమన్నాడు. ఈ రంగంలో ఇంత చవకగా దొరికిన మందు మరొకటి లేదు.

కొలతలు ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్‌వి. నడుస్తున్న బండ్ల ఇరుసులు ఎంత వంగుతున్నాయో ముందు కొలిచాడు. తర్వాత ఉక్కు ముక్కలను వంచుతూ తిప్పే యంత్రాలు కట్టించి, 1870 నాటికి ఫలితాలన్నీ ప్రకటించాడు. ఒత్తిడి తగ్గేకొద్దీ ముక్క మరిన్ని చుట్లు నిలుస్తుంది. ఒక హద్దుకు దిగువన విరగనే విరగదని ఆయన తేల్చాడు. ఈ హద్దునే సహన పరిమితి అంటారు. ఒత్తిడికీ చుట్లకూ ఉన్న ఈ సంబంధాన్ని చూపే, ఆయన పేరుతో పిలిచే వక్రరేఖను మాత్రం ఆయన గీయలేదు, పట్టికలతోనే సరిపెట్టాడు.

మామూలు ఉక్కులకు ఈ పరిమితి తన్యబలంలో, అంటే ఒక్కసారి లాగితే తెగే ఒత్తిడిలో, దాదాపు సగం. పరీక్షను తరచు కోటి చుట్ల దగ్గర ఆపుతారు. 915 మిల్లీమీటర్ల వ్యాసమున్న కొత్త పెట్టె చక్రానికి కోటి చుట్లంటే సుమారు 28,700 కిలోమీటర్లు. రోజుకు 600 కిలోమీటర్లు తిరిగే పెట్టె 48 రోజుల్లోనే దాన్ని దాటేస్తుంది. కాబట్టి ఇరుసు మీది ఒత్తిడి దాని బతుకంతా సహన పరిమితికి దిగువనే ఉండాలి.

అయితే పుస్తకాల్లోని అంకె అద్దంలా నునుపు చేసిన సన్నని ముక్కది. అసలు ఇరుసు లావుగా ఉంటుంది, తుప్పు పడుతుంది, ఎగిరిన కంకర దెబ్బలు తింటుంది. చక్రం బిగించిన చోట సూక్ష్మమైన రాపిడి ఉంటుంది. వీటిలో ప్రతి ఒక్కటీ హద్దును దించుతుంది. తుప్పు ఆగకుండా సాగితే హద్దే ఉండదు. సహన పరిమితిని లోహపు గుణంగా మాత్రమే చెప్పే పాఠ్యపుస్తకాలు సగమే చెబుతున్నాయి. ఆకారం, ఉపరితలం కలిస్తేనే అది పూర్తవుతుంది.

2012 మే 22న పెనుకొండ స్టేషనులో హంపి ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొన్న ప్రమాదం ఈ కోవకు రాదు. ఢీకొన్నప్పుడు విరిగేది ఒక్క దెబ్బకే విరుగుతుంది. అలసటతో విరిగిన ముఖం మీద మాత్రం పగులు పాకినంత మేర నునుపుగా, అలల్లాంటి గీతలతో ఉంటుంది. చివర్లో తెగిన భాగం గరుకుగా కనిపిస్తుంది.

అలసట రైళ్లకే పరిమితం కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కార్ల అల్లాయ్ చక్రాల్లో వాడే అల్యూమినియానికి ఉక్కులా స్పష్టమైన సహన పరిమితి లేదు. ఇన్ని చుట్లకు ఇంత బలం అనే చెప్పాలి. స్ప్రింగులకైతే సన్నని ఉక్కు గుళ్లతో కొట్టి పైపొరను నొక్కుడులో ఉంచుతారు. పగులు నోరు తెరవడం కష్టమవుతుంది.

బాగా గట్టిపరచిన ఉక్కులు కోటి చుట్లు దాటాక కూడా లోపలి మలినపు రేణువు దగ్గర పగులుతాయని తర్వాతి పరీక్షల్లో తేలింది. ఇలా పరిమితిని పూర్తిగా నమ్మలేం కాబట్టి ఇరుసులను లెక్కకే వదిలేయకుండా, వర్క్‌షాపుల్లో అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, చక్రం బిగించిన చోట కంటికి కనబడని పగులు కోసం వెతుకుతారు.