పొరుగువాడి మీదికి ఊరేగింపు వస్తే

(శంషాబాద్ పరిసర తండాల యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, ఉద్యోగాల గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు బాగా చెప్పారు. నేను వేరే విషయం ఎత్తుకుంటాను. మన పక్కన ఈ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. దాదాపు 5,500 ఎకరాల్లో ఉంది. మనవాళ్ళు అక్కడ కార్గోలో, హౌస్‌కీపింగ్‌లో, సెక్యూరిటీలో పని చేస్తున్నారు, క్యాబులు నడుపుతున్నారు. ఇప్పుడు తండాల పిల్లలు కూడా అదే ఎయిర్‌పోర్టు నుంచి మెల్‌బోర్న్‌కో సిడ్నీకో చదువుకు పోతున్నారు. సాగనంపడానికి తండా సగం బండెక్కి వస్తుంది. వాళ్ళు పోయి దిగే ఊళ్ళో ఏం జరిగిందో, దాంతో మనకేం పనో చెప్తాను.

2025 ఆగస్టు 31, ఆదివారం. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ లాంటి నగరాల్లో 'మార్చ్ ఫర్ ఆస్ట్రేలియా' పేరుతో ఊరేగింపులు జరిగాయి. వలసలు ఆపాలన్నది వాళ్ళ డిమాండు. ప్రచారం కోసం పంచిన కరపత్రంలో భారతీయుల పేరు పెట్టి మరీ రాశారు. గ్రీకులు, ఇటాలియన్లు వందేళ్ళలో వచ్చినదానికంటే భారతీయులు ఐదేళ్ళలో ఎక్కువ వచ్చారని దాని సారాంశం. 2021 జనగణన ప్రకారం ఆ దేశంలో భారతదేశంలో పుట్టినవాళ్ళు 6.7 లక్షలకు పైగా ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే దాదాపు 60 వేలు. ఆ ఆదివారం భయంతో చాలామంది బయటికి రాలేదు. ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు.

ఊరేగింపులో నడిచిన ప్రతివాడూ నాజీ అని నేను అనను. అద్దెలు పెరిగి, ఇల్లు దొరక్క, ధరలు తట్టుకోలేక వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళ కష్టం నిజం. కానీ ఆ కష్టాన్ని ఎవరి మీదికి తిప్పారు? పక్కింటి భారతీయుడి మీదికి. మెల్‌బోర్న్‌లో పార్లమెంటు మెట్ల మీద నిలబడి మైకులో మాట్లాడింది ఒక నయా నాజీ ముఠా నాయకుడు. కష్టం ఒకరిది, మైకు ఇంకొకరిది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నా. అదే రోజు సాయంత్రం మెల్‌బోర్న్‌లో నల్లబట్టలు వేసుకున్న ఒక గుంపు 'క్యాంప్ సావరెంటీ' అనే చోటు మీద పడింది. అది వలస వచ్చినవాళ్ళ చోటు కాదు. ఆ దేశపు ఆదివాసులది. కింగ్స్ డొమైన్ అనే పార్కులో 38 మంది ఆదివాసీ పూర్వీకుల అస్థికలను 1985లో తిరిగి పూడ్చిపెట్టారు. ఆ నేల పక్కనే ఆదివాసులు శిబిరం వేసుకుని పవిత్ర అగ్నిని కాపాడుకుంటున్నారు. గుంపు వచ్చి మనుషులను కొట్టింది, జెండాలు లాగేసింది, ఆ నిప్పును కాళ్ళతో తొక్కింది. పోలీసులు తర్వాత కేసులు పెట్టి అరెస్టులు చేశారు. సేవాలాల్ జయంతి నాడు మనం భోగ్ భండారో పెట్టి, నెయ్యి బెల్లం వేసి దండం పెట్టుకునే నిప్పును ఎవడో వచ్చి బూటుకాలితో తొక్కితే ఎట్లుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

"బయటివాళ్ళు వెళ్ళిపోవాలి" అని పొద్దున బయలుదేరిన రోజు, సాయంత్రానికి ఆ నేల మీద అందరికంటే ముందున్నవాళ్ళను కొట్టడంతో ముగిసింది. ద్వేషానికి బయటివాడు, లోపలివాడు అనే లెక్క ఉండదు. బలహీనుడు ఎవడన్నదే చూస్తుంది.

ఆ తేదీ మనకు కొత్తది కాదు. బంజారాలతో సహా ఎన్నో సంచార తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసిపెట్టిన చట్టాన్ని బ్రిటిష్‌వాళ్ళు 1871లో తెచ్చారు. స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు. అందుకే దాన్ని విముక్తి దినంగా జరుపుకుంటాం. ఒక జాతి మొత్తానికి ఒకే ముద్ర వేస్తే తరతరాలు ఎట్లా మోయాల్సి వస్తుందో మన తాతలను అడిగితే చెప్పేవారు.

మరి ఎదురు నిలిచినవాళ్ళు లేరా? ఉన్నారు. ఆ రోజు ఆస్ట్రేలియా నగరాల్లో ఆ ఊరేగింపులకు వ్యతిరేకంగా సభలు జరిగాయి. సిడ్నీలో ఊరేగింపుకు వచ్చినవాళ్ళు వేలల్లో ఉంటే, ఎదురు సభకు వచ్చినవాళ్ళు వందల్లోనే ఉన్నారు. అయినా భయపడి తలుపులేసుకున్న కుటుంబానికి, మనకోసం కొందరైనా వీధిలో నిలబడ్డారన్న మాటే పెద్ద ధైర్యం.

అదే మెల్‌బోర్న్‌లో ఒక పెద్దాయన చేసిన పని మీకు చెప్పాలి. పేరు విలియం కూపర్. యోర్టా యోర్టా తెగవాడు. 1938 నవంబరులో జర్మనీలో నాజీలు యూదుల ఇళ్ళు, దుకాణాలు, ప్రార్థనా మందిరాలు ధ్వంసం చేశారు. ఆ వార్త విని, డిసెంబరు 6న ఈయన తన ఆదివాసీ సంఘం వాళ్ళను వెంటబెట్టుకుని జర్మన్ కాన్సులేటుకు నడిచి వెళ్ళి నిరసన లేఖ ఇవ్వబోయారు. అప్పటికి ఆయన 80కి దగ్గర పడిన మనిషి. సొంత దేశంలో తన జాతికే పూర్తి పౌరహక్కులు లేవు, ఆదివాసీ పిల్లలను తల్లుల నుంచి లాక్కుపోతున్న కాలం. మా బాధలే మాకున్నాయి అని ఆయన అనలేదు. కాన్సులేటు ఆ లేఖ తీసుకోలేదు. 74 ఏళ్ళ తర్వాత, 2012లో ఆయన మనవడు అదే పని మళ్ళీ చేస్తే జర్మనీ ప్రతినిధి ఆ లేఖను తీసుకున్నాడు.

దానికి రెండేళ్ళ ముందు లండన్‌లో ఇంకో సంగతి జరిగింది. 1936 అక్టోబరు 4న ఓస్వాల్డ్ మోస్లీ అనే ఫాసిస్టు నాయకుడు తన నల్లచొక్కాల దళంతో యూదులు ఎక్కువగా ఉండే ఈస్ట్ ఎండ్ పేట గుండా ఊరేగింపు పెట్టాడు. దాన్ని ఆపించమని దాదాపు లక్షమంది సంతకాలు చేసి ప్రభుత్వానికి ఇచ్చారు. ప్రభుత్వం ఆపలేదు. ఆ రోజు యూదు దర్జీలు, ఐరిష్ రేవు కూలీలు కలిసి కేబుల్ స్ట్రీట్‌లో లారీ అడ్డం పెట్టి దారి మూసేశారు. ఆడవాళ్ళు కిటికీల నుంచి చేతికందింది విసిరారు. దారి తెరవలేక పోలీసులే మోస్లీని వెనక్కి పంపారు. ఆ ఏడాదే రాజకీయ పార్టీలు యూనిఫారాలు వేసుకోకుండా చట్టం వచ్చింది.

అంతటితో ఫాసిస్టులు పోలేదు. మరుసటి ఏడాది స్థానిక ఎన్నికల్లో ఆ పేటలోనే వాళ్ళకు ఓట్లు పడ్డాయి. వాళ్ళ పట్టు సడలించిన పనుల్లో అద్దెల పోరాటం ఒకటి. ఇంటి యజమానులు ఖాళీ చేయిస్తుంటే అన్ని మతాల కిరాయిదారులు కలిసి అడ్డం నిలబడ్డారు. తన సామాన్లు వీధిలో పడకుండా కాపాడింది పక్కింటి యూదుడే అని తెలిసినవాడు ఇంక ఆ నల్లచొక్కా ఎందుకు వేసుకుంటాడు?

మన చరిత్రలోనూ ఇది ఉంది. జనగామ దగ్గర ధర్మాపురం తండా భూముల మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడ్డప్పుడు మన లంబాడీలు ఒంటరిగా పోరాడలేదు. జాటోత్ ఠాను నాయక్ ముందు నిలిస్తే, ఊళ్ళలోని సంఘం ఆయన వెనక నిలిచింది. ఆయన 1950లో అమరుడయ్యాడు. మనకోసం వేరే కులాలవాళ్ళు, వేరే మతాలవాళ్ళు నిలబడ్డ రోజులు ఉన్నాయి కాబట్టే, వేరేవాళ్ళ కోసం నిలబడే బాకీ మనకుంది.

ఇక శంషాబాద్‌కు వద్దాం. ఎన్నికలప్పుడో పండగప్పుడో ఒకాయన వచ్చి, "బండ్లలో పెట్రోల్ పోయిస్తాం, బిర్యానీ పెడతాం, మీ తండా పిల్లలను ర్యాలీకి పంపండి" అంటాడు. మీరు జెండా కట్టుకుని పోతారు. ఆ ర్యాలీ ఏ గల్లీ ముందు ఆగి అరుస్తుందో మీకు ముందు చెప్పరు. ఆ గల్లీలో మీతో కార్గోలో నైట్ డ్యూటీ చేసే దోస్తు ఇల్లు ఉంటుంది. రేపు కేసయితే పేరు మీదే రాస్తారు. పాస్‌పోర్టుకు పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ బిర్యానీ పెట్టినాయన కనపడడు.

మన రాష్ట్రంలోనే లంబాడీలు వలస వచ్చినవారు అనే మాట మనం వింటూనే ఉన్నాం. రిజర్వేషన్ల సంగతి చట్టం, కోర్టులు తేలుస్తాయి. కానీ ఆ మాట చెవిలో పడ్డప్పుడు గుండెలో ఎట్లా గుచ్చుకుంటుందో మనకు తెలుసు. తెలిసినవాళ్ళం అదే మాట ఇంకొకరిని అనకూడదు. గోండులనైనా, కోయలనైనా మనం తిట్టకూడదు. వాళ్ళకూ మనకూ గొడవైతే లాభం ఎవరికో కూడా చూడండి.

మిమ్మల్ని కర్రలు పట్టుకోమని చెప్పడం లేదు. ఆయుధాలు లేకుండా శాంతిగా గుమిగూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులందరికీ ఇచ్చింది. వాళ్ళకూ ఉంది, మనకూ ఉంది. నేను అడిగేవి నాలుగే పనులు. ఎవరి మీదికో తెలుసుకోకుండా ఏ ర్యాలీకీ పోకండి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో ఎక్కడిదో, ఎప్పటిదో తేలేదాకా ముందుకు పంపకండి. ఊళ్ళో ఉద్రిక్తత మొదలైతే తండా నాయక్‌కూ పోలీస్ స్టేషన్‌కూ వెంటనే చెప్పండి. ఆ రోజు పొరుగువాడి దుకాణం ముందు నలుగురు కలిసి నిలబడండి, చాయ్ తాగుతూ అయినా సరే.

అయిదోది పెద్దవాళ్ళకు చెప్తున్నా. పట్టా సమస్య, కాంట్రాక్టు జీతాల సమస్య వచ్చినప్పుడు తండా వరకే మీటింగ్ పెట్టుకోకండి. పక్క బస్తీవాళ్ళను, మసీదు గల్లీవాళ్ళను, ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కూలీలను కూడా పిలవండి. కలిసి ఆఫీసు మెట్లెక్కినవాళ్ళను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం అంత సులువు కాదు.

భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మీలో ఒక్కొక్కరు ఒక పేరు అనుకోండి. తండా బయట, మన కులం కాని, మన మతం కాని మనిషి పేరు. రేపు వాళ్ళ ఇంటి ముందు అరుపులు వినిపిస్తే నేను పోతాను అని అనుకోండి. వాళ్ళ ఫోన్ నంబరు మీ దగ్గర లేకపోతే ఈ వారంలోనే తీసుకోండి.

జై సేవాలాల్.