భూగర్భ రైలులో ఒక బాలుడు

మహానగరములను గురించిన నవలలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిలో నగరము సాధారణముగా మేడలతో, వీధులతో, జనసమ్మర్దముతో కనబడును. అమెరికా రచయిత జాన్ రే 2009లో ప్రకటించిన ‘లోబాయ్’ నవల న్యూయార్కు నగరమును క్రిందినుండి చూపును. 1904లో మొదలై, నాటినుండి విస్తరించుచు వచ్చిన భూగర్భ రైలుమార్గములే దానికి రంగస్థలము. రచయిత ఆ రైళ్లలో కూర్చుండియే గ్రంథములో చాలభాగము వ్రాసెను.

కథానాయకుడు విల్ హెల్లర్ 16 ఏండ్ల బాలుడు. స్కిజోఫ్రీనియా అను మనోవ్యాధికి లోనై, చికిత్సాలయములో నుండి, మందులు మాని, తప్పించుకొని వచ్చి రైలెక్కినాడు. కొద్ది గంటలలో లోకమంతయు వేడిమిచే దగ్ధము కానున్నదనియు, తన దేహము చల్లబడిననే గాని లోకమునకు రక్ష లేదనియు వాని దృఢవిశ్వాసము. భూతాపము పెరుగుచున్నదను మాట నిజము. ఆ నిజముపై వాని మనస్సు అల్లుకొన్నది మాత్రము రోగలక్షణము. రచయిత నేర్పు ఇచ్చటనే యున్నది. పిచ్చిమాటలని మనము త్రోసివేయబోవునంతలో, వాని తర్కము మెట్టు వెనుక మెట్టుగా సరిగానే అమరినట్లు తోచును. ఏ మెట్టుకడ కాలు జారెనో కనిపెట్టుట కష్టము.

కొన్ని అధ్యాయములు బాలునితో సాగును. మరికొన్ని వానిని వెదకుచున్న డిటెక్టివ్ ఆలీ లతీఫ్ వెంటను, తల్లి వయొలెట్ వెంటను నడచును. లతీఫునకు కావలసినది ఆచూకీ. తల్లికి కావలసినది బిడ్డ. ఒకే బాలుడు ఒకరికి అపాయకారిగను, మరియొకరికి అపాయములో నున్నవాడుగను కనబడును. రెండును నిజములే. వాడు పూర్వము తన స్నేహితురాలు ఎమిలీని పట్టాలపైకి త్రోసియుండెను. ముగింపు చెప్పి శ్రోతల కుతూహలమును చెరుపబోము.

అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. ఇట్టి కథ చదివి, మనోరోగులందరు హింసకు దిగుదురని తలచుట అన్యాయము. ఈ వ్యాధిగ్రస్తులలో అధికసంఖ్యాకులు ఎవరికిని హాని చేయరు. ఇతరులచే హింసింపబడువారే వారిలో ఎక్కువ. కౌమారము చివరను, యౌవనారంభమునను ఈ వ్యాధి తరచుగా తలయెత్తును. చక్కగా చదువుకొనుచున్న పిల్లవాడు క్రమముగా స్నేహితులకు దూరమగును, నిద్ర మానును, ఎవరికిని వినబడని మాటలకు బదులు చెప్పును. ఇంటివారు అది పొగరనియో, సోమరితనమనియో, గాలి సోకినదనియో కాలము గడుపుదురు. చికిత్స ఎంత త్వరగా మొదలైన అంత మేలు. మానసిక చికిత్స పొందుట ప్రతివారి హక్కని మన దేశమున 2017నాటి చట్టము గుర్తించినది.

ఈ నవల వైద్యగ్రంథము కాదు, ఉపాయములు బోధింపదు. అట్టి బాలుడు మన ప్రక్కన కూర్చుండినచో మనకు వినబడునవి వాని పొంతనలేని మాటలే. ఆ మాటల లోపల ఎంత భయమున్నదో, తల్లి మీద ఎంత ఆశ యున్నదో ఈ గ్రంథము తెలుపును. ఇంట ఎదుగుచున్న పిల్లలు గల పెద్దలు దీనిని చదువవలెనని మేము కోరుటకు కారణమదియే.