లెక్కకు రాని చావులు

(కంకిపాడు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



అప్పులు తీర్చలేక రైతు ప్రాణం తీసుకుంటే త్రిసభ్య కమిటీ వస్తుంది. ఎంత తిప్పించుకున్నా 7 లక్షల పరిహారం అడగడానికి ఒక జీవో ఉంది. అదే రైతు ఆర్నెల్లు నిద్రలేక, తిండి సయించక, దిగులుతో చిక్కి, ఒకనాడు చేలో గుండె పట్టుకుని కూలిపోతే? 'పాపం, హార్ట్ ఎటాక్' అని ఊరుకుంటాం. ఆ చావు ఏ లెక్కలోకీ రాదు.

ప్రతి గుండెపోటూ అప్పు వల్లే అని మేం అనడం లేదు. చుట్ట ఉంది, షుగరు ఉంది, బీపీ ఉంది. కానీ మన దేశంతో సహా 52 దేశాల్లో చేసి 2004లో ప్రకటించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వీటి సరసనే ఒత్తిడినీ కుంగుబాటునూ చేర్చింది. దిగులు నెలల తరబడి ఉంటే బీపీ పెరుగుతుంది, నెత్తురు తొందరగా గడ్డకడుతుంది. పైగా దిగులుపడ్డ మనిషి మాత్రలు వేసుకోడు. బీడీలు, మందు ఎక్కువవుతాయి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మన డెల్టాలో కోసిన వరి, కోయని వరి నీళ్లపాలయ్యాయి. పంట మునిగినా కౌలు బస్తాలు ఆగవు, వడ్డీ ఆగదు. కార్డు లేని కౌలుదారుకు నష్టపరిహారం అందదు. దిగులు పుట్టేది ఇక్కడే. 'ధైర్యంగా ఉండు' అంటే పోతుందా?

ఇది తిరగబడి కూడా వస్తుంది. గుండెపోటు వచ్చినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరిని కుంగుబాటు పట్టుకుంటుంది, వారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఆరోగ్యశ్రీలో స్టెంటు వేస్తారు, సంతోషం. 'నిద్ర పడుతోందా, మనసెలా ఉంది' అని కూడా అడగాలని మా డిమాండు. పీహెచ్‌సీలో బీపీ చూసేటప్పుడూ అడగాలి.

గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినవాణ్ణి ఎవరూ నవ్వరు. మనసు డాక్టరంటే మాత్రం పిచ్చి అంటారు, అదెక్కడి న్యాయం? రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే 14416కు ఫోను చెయ్యండి. టెలీ మానస్, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఛాతీలో నొప్పి, చెమటలు పడితే మాత్రం 'గ్యాసేలే' అని కూర్చోకుండా 108.

ఇకనుంచి ఊళ్లో రైతు గుండెపోటుతో పోతే, ఇంటివాళ్లు సరేనంటే, గ్రామ కమిటీలు అతని అప్పెంత, కౌలెంత, ఏ పంట పోయిందో రాసిపెట్టాలి. ఆ కాగితాలు పట్టుకునే ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్దాం.