పుదుచ్చేరికి యానాము ఎంత దూరము?
(ఏంబలములో జరిగిన తెలుగువారి సమావేశమునందలి ప్రసంగపాఠము)



ఏంబలములో నిలిచి యానాము దూరమును గూర్చి మాటాడుట మనకు వింత గాదు. 1954 వరకు ఈ రెండు తావులయందును ఫ్రెంచివారి పాలనయే నడచినది. ఆ బంధముచేతనే నేడును రెండును ఒకే పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద నున్నవి. రోడ్డు వెంబడి నడిమి దూరము మాత్రము ఇంచుమించు 870 కిలోమీటర్లు!

యానామునకు విమానాశ్రయము లేదు. చేరువనున్నది రాజమహేంద్రవరపు మధురపూడి. ఇచ్చట మనకు లాస్‌పేట. ఈ రెంటి నడుమ ఆకాశమార్గమెంత? భూగోళపు బొంగరముపై రెండు చోట్లను దారముతో బిగించి కలిపినచో, ఆ దారము పడిన దారియే మిక్కిలి పొట్టిది. లెక్కయు మన పిల్లలు చేయగలిగినదే. ఒక అక్షాంశమునకు 111 కిలోమీటర్లు. మధురపూడి మనకు అయిదు అక్షాంశములకు మించి ఉత్తరమున, రెండు రేఖాంశములు తూర్పున నున్నది. అనగా ఉత్తరమునకు 570, తూర్పునకు 215 కిలోమీటర్లు. వీనిని లంబకోణ త్రిభుజమునకు భుజములుగా గొన్న, కర్ణము సుమారు 610 వచ్చును. గంటకు 800 కిలోమీటర్ల వేగమని తలచి, ఎక్కుటకు దిగుటకు ఒక అరగంట చేర్చినచో, ప్రయాణము గంటంబావు.

సెల్‌ఫోనులో నాకు కనబడినదియు ఈ గంటంబావే. అమ్మకు జబ్బుగా నున్నదని యానామునుండి కబురు రాగా, ఆ అంకెను నమ్మి, “సాయంకాలమునకు వచ్చెద”నంటిని. ప్రయాణ భత్యపు కాగితములు ఏండ్ల తరబడి నింపిన నేను ఇట్లు మోసపోవుట నవ్వుబాటే.

ఆ దారము వెంట విమానమే లేదు! లాస్‌పేట రన్‌వే పొడవు 1500 మీటర్లు. 800 వేగమున పోవు పెద్ద జెట్టు విమానములకు అది చాలదు. రెక్కల పంకాలతో నడచు చిన్నవే దిగవలెను. 2017లో మొదలై, నడుమ ఆగి, 2024 డిసెంబరులో మరల సాగిన హైదరాబాదు విమానము అట్టిదే. హైదరాబాదు మీదుగా పోయిన 600, అచ్చటినుండి 360, వెరసి 960 కిలోమీటర్లు. రోడ్డు దూరముకంటె ఆకాశమార్గమే ఎక్కువైనది! ఏంబలమునుండి పట్టణము దాటి లాస్‌పేట చేరుట, ముందుగా పోయి కూర్చుండుట, హైదరాబాదులో రెండవ విమానమునకై కాచుకొనుట, మధురపూడినుండి ద్రాక్షారామము మీదుగా మరి డెబ్బది ఎనుబది కిలోమీటర్ల కారు ప్రయాణము — ఇవి యేవియు ఆ గంటంబావులో లేవు.

నాకు ఆనాడు హైదరాబాదులో రెండవ విమానము అందలేదు. మరునాడు మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిని. దైవకృపవలన అమ్మ అప్పటికే ఆసుపత్రి వీడి వచ్చి, అరుగుపై కూర్చుండి యున్నది. నన్ను చూచి, “గంట ప్రయాణమంటివి గదరా!” అన్నది.

ఇప్పుడు సర్కారు ఎక్స్‌ప్రెస్ పుదుచ్చేరినుండియే కాకినాడకు నడచుచున్నది. ఒక రాత్రి నిద్ర, ఆపై ముప్పది కిలోమీటర్ల బస్సు. ఇంటికి కబురు చేయునపుడు నేను ఆ లెక్కయే చెప్పుచున్నాను.