మాత్ర మీద లేని పేర్లు

(ముక్త్యాలలో జరిగిన మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్రవేత్తలను గౌరవించుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విశ్వవిద్యాలయాల్లో, ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి శ్రమించి లోకానికి పనికొచ్చే కొత్త సంగతులు కనిపెట్టినవాళ్లకు సమాజం ఎంత బాకీ పడింది, ఆ బాకీ ఎలా తీర్చుకోవాలి అన్నది ఇవాళ్టి విషయం. ఇది మహిళల సభ కదా, ఇందులో మన హక్కుల మాట ఏముంది అని కొందరికి అనిపించవచ్చు. చాలా ఉంది. ఎవరి పేరు నిలబడుతుంది, ఎవరి పేరు చెరిగిపోతుంది అన్నది హక్కుల ప్రశ్నే. కనిపెట్టిన మందు ఎవరి చేతికి అందుతుంది, ఎవరికి అందకుండా పోతుంది అన్నది అంతకంటే పెద్ద హక్కుల ప్రశ్న.

పెద్దవాళ్లను గౌరవించుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడికి ఎగువన పులిచింతల దగ్గర కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టుకు ఇంజనీరు కె.ఎల్. రావు గారి పేరు పెట్టుకున్నాం. ఆయన కంకిపాడులో 1902లో పుట్టినవారు. నాగార్జునసాగర్ మాట వస్తే దానికోసం పాటుపడిన ముక్త్యాల రాజా గారిని తలుచుకుంటాం. మంచిదే. కానీ ఆ సాగర్ ఆనకట్టను రాయి మీద రాయి పేర్చి కట్టారు. నెత్తిన బరువులు పెట్టుకుని పరంజాల మీద బారులు తీరిన కూలీ ఆడవాళ్ల ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? గౌరవించేటప్పుడు మన చూపు పైమెట్టు మీద నిలబడిన మనిషి దగ్గరే ఆగిపోతుంది.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, కాదు. దానికి రుజువు మన జగ్గయ్యపేటలోనే ఉంది. ధనంబోడు మీది బౌద్ధ స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు శాసనం దొరికింది. అంటే దాదాపు పదిహేడు వందల ఏళ్ల నాటిది. స్తంభాలు నిలబెట్టించినవాడు రాజు కాడు, సిద్ధార్థుడనే చేతిపనివాడు. ఆ రాతి మీద అతను తన పేరొక్కటే చెక్కించుకోలేదు. తల్లి నాగిలని, భార్య సముదని, పిల్లలు, తమ్ముడు, తమ్ముడి భార్య, అందరినీ కలుపుకుని ఈ పని చేశానని రాయించాడు. ఒక పని వెనక ఎంతమంది ఉన్నారో అన్ని పేర్లు చెప్పడం ఆ పనివాడికి తెలుసు. చదువుకున్న మనం మర్చిపోయాం.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన ఒక వస్తువు దగ్గరికి వస్తాను. నెల తప్పిన ఆడమనిషికి ఏఎన్ఎమ్ తెచ్చి ఇచ్చే ఎర్ర మాత్ర. బలం మాత్ర అంటాం, రక్తం మాత్ర అంటాం. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దేశంలో ఈ మాత్రల పంపిణీ 1970లో మొదలైంది. ఈ చిన్న మాత్ర వెనక మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. ఆయన వెనక, ఆయన కంటే ముందు, ఎందరో ఆడవాళ్లు ఉన్నారు.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. చదువులో మొదట తడబడినవాడే, మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కోటు తొడుక్కున్నందుకు తెల్ల ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చాడు. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరాడు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. జీవరసాయనం చదివే విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే నేర్చుకుంటారు. మన కండరాలు పనిచేయడానికి శక్తినిచ్చే పదార్థాలేవో తేల్చిన తొలివాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. అక్కడ ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందాల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చాయి. కేన్సరు మందు మెథోట్రెక్సేట్ కూడా అక్కడిదే. కాన్పు తర్వాత మాయ నుంచి పుట్టే ఒక కేన్సరు అంతకుముందు ఆడవాళ్లను దాదాపు తప్పకుండా చంపేది. 1956 నుంచి ఆ మందుతోనే దాన్ని నయం చేయగలుగుతున్నారు. సుబ్బారావు 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే పోయాడు. నోబెల్ బహుమతి రాలేదు. శతజయంతి సంవత్సరం 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది.

ఇంతవరకూ పాఠ్యపుస్తకం చెప్పే కథ. ఇక్కడితో ఆపితే మనం కూడా పైమెట్టు దగ్గరే ఆగినట్టు.

ఫోలిక్ ఆమ్లం కథ లెడర్లీలో మొదలు కాలేదు. బొంబాయిలో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు అక్కడికి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు గర్భంతో ఉన్నప్పుడు ఒక రకం రక్తహీనతతో నీరసించి చనిపోతుండేవారు. ఇనుము ఇచ్చినా తగ్గేది కాదు. ఆమె వాళ్ల తిండి చూసింది, రక్తం పరీక్షించింది, ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి చూసింది. చివరికి ఈస్టు నుంచి తీసే చవక పదార్థం మార్మైట్ ఇస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు, అందుకని విల్స్ పదార్థం అన్నారు. తర్వాత పదేళ్లకు అమెరికా శాస్త్రవేత్తలు బస్తాల కొద్దీ పాలకూర నుంచి దాన్ని వేరుచేసి, ఆకులో దొరికింది గనుక లాటిన్ భాషలో ఆకు పేరు మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అప్పుడు గాని అది చవక మాత్రగా మారే దారి పడలేదు.

చూడండి, ఎన్ని చేతులు మారిందో! సుబ్బారావు పేరైనా కొందరికి తెలుసు. లూసీ విల్స్ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. రక్తమిచ్చి, ఆ ఈస్టు ముద్ద తిని, బతికి చూపించిన బొంబాయి మిల్లు ఆడవాళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. వాళ్లు లేకపోతే ఆ పరిశోధనే లేదు.

సుబ్బారావు ఇంట్లోకి కూడా తొంగిచూద్దాం. భర్త పోయాక తల్లి వెంకమ్మ నగలు అమ్మి కొడుకును చదివించిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఆయన అన్నదమ్ములిద్దరు గ్రహణి లాంటి స్ప్రూ జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటి కావడం గమనించాలి. 1919లో ఆయనకు శేషగిరితో పెళ్లయింది. అమెరికా ప్రయాణానికి మామగారు సాయం చేశారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. భార్య ఇక్కడే ఉండిపోయింది.

నేను ఆయన్ని బోనులో నిలబెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయనకు డబ్బు చాలని రోజులు, చాకిరీతో గడిచిన రాత్రులు నాకు తెలియనివి కావు. కానీ ఒక పెద్దమనిషి జీవితమంతా ప్రయోగశాలకు ఇవ్వగలిగాడంటే ఇంకెవరో జీవితమంతా ఎదురుచూడగలిగారు గనుకనే. మగవాడు ఇల్లు వదిలి విజ్ఞానం కోసం వెళితే త్యాగమంటాం. ఇదే పని ఒక ఆడది చేసి ఉంటే లోకం ఏమనేదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గడప దాటిన ఆడవాళ్లకు ఏం జరిగిందో కమలా సోహనీని చూస్తే తెలుస్తుంది. 1933లో ఆమె బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో సీటు అడిగితే, సి.వి. రామన్ ఆడపిల్ల అన్న కారణంగా కాదన్నారు. ఆమె పట్టుబట్టింది. మొదటి ఏడాది పరీక్షగా చూస్తామని, ఇంకా కొన్ని షరతులు పెట్టి చేర్చుకున్నారు. తన తోటి మగవాళ్లెవరికీ లేని షరతులవి. ఆమె పని చూశాక ఆ సంస్థ తలుపులు ఆడపిల్లలకు తెరుచుకున్నాయి. కేంబ్రిడ్జిలో 1939లో డాక్టరేటు తీసుకుంది. స్వదేశం తిరిగొచ్చి నీరా మీద పరిశోధన చేసి, అది పోషకాహారం లేని పిల్లలకూ గర్భిణులకూ మేలు చేస్తుందని చూపించింది. మన తాటితోపుల్లో తెల్లవారుజామున దించే ఆ తియ్యటి నీరాయే. చదువుకున్న ఆడది దేనివైపు చూస్తుందో గమనించారా? లూసీ విల్స్ మిల్లు కూలీ ఆడవాళ్ల వైపు చూసింది. కమల బక్కచిక్కిన తల్లీబిడ్డల వైపు చూసింది. ఆడపిల్లను ప్రయోగశాల బయట నిలబెడితే ఇలాంటి ప్రశ్నలు కూడా బయటే నిలబడిపోతాయి.

సరే, గౌరవం మాట. మాత్రను కనిపెట్టి ఎనభై ఏళ్లయింది. పంపిణీ మొదలై యాభై ఏళ్లు దాటింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 59 మందికి. జగ్గయ్యపేట, నందిగామ వైపు మిరప కోతలకు పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని వెళ్లే ఆడవాళ్లు ఈ లెక్కలోనే ఉన్నారు. కాయ కోసి కోసి కళ్లు తిరుగుతుంటే ఎండదెబ్బ అనుకుంటారు. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. మాత్ర ఒక్కటే ఆ ఆకలిని పూడ్చలేదు.

ఇంకొక సంగతి. గర్భంలో బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. ఫోలిక్ ఆమ్లం గర్భం రాకముందు నుంచే తీసుకుంటే వెన్నెముక లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి రుజువు చేసింది. మూడో నెల దాటాక మాత్ర మొదలుపెడితే రక్తానికి మేలే గాని, ఆ లోపానికి ఆలస్యమైపోయినట్టే. కాబట్టి ఇది గర్భిణుల మాత్ర మాత్రమే కాదు. పెళ్లీడు పిల్లలది, బడిపిల్లలది కూడా. బడుల్లో వారానికొకటి ఇచ్చే నీలం మాత్ర ఆ ఉద్దేశంతో పెట్టిందే. పదహారేళ్లకే బడి మాన్పించి పెళ్లి చేసిన పిల్ల ఆ మాత్రకూ, ప్రయోగశాలకూ ఒకేసారి దూరమవుతుంది.

మాత్రలు ఎందుకు పారేస్తున్నారు అని ఆడవాళ్లను తిట్టేవాళ్లున్నారు. వికారం వస్తుంది, మలబద్ధకం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది. ఇది మామూలేనని, అన్నం తిన్నాక వేసుకోమని, టీతో వేసుకోవద్దని, నిమ్మరసం మంచిదని ఎవరైనా కూర్చుని చెప్పారా? చెప్పకుండా చేతిలో పెట్టడం దానం. వివరించి ఇవ్వడం హక్కు.

మన పక్కనే ఉన్న పెనుగంచిప్రోలులో 1874లో భండారు అచ్చమాంబ పుట్టారు. బడికి పంపకపోతే తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు చూసి తానూ నేర్చుకున్నారు. స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. ఆడవాళ్లకు తెలివి లేదన్నవాళ్లకు పేర్లతో జవాబు చెప్పడమే ఆ పుస్తకం చేసిన పని. 1905లో, ముప్పై ఏళ్లకే, ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బుకే పోయారు. ఆమె మొదలుపెట్టిన పని మనం కొనసాగించాలి.

అందుకని నేను మూడు మాటలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి. మన బడుల్లో సుబ్బారావు గారి గురించి చెప్పినప్పుడు వెంకమ్మ గురించీ, శేషగిరి గురించీ, లూసీ విల్స్ గురించీ, పేరు తెలియని మిల్లు స్త్రీల గురించీ చెప్పించాలి. అలా చెబితే ఆయన చిన్నవాడు కాడు. ఆయన చేసిన పని ఎంత పెద్దదో అప్పుడే తెలుస్తుంది.

రెండు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉన్నాయా, రక్తపరీక్ష చేస్తున్నారా, బడిలో నీలం మాత్ర ప్రతి వారం ఇస్తున్నారా అని సంఘంగా వెళ్లి అడగాలి. ఒక్కరు వెళితే విసుక్కుంటారు, పదిమంది వెళితే రిజిస్టరు తీస్తారు.

మూడు. పదో తరగతి దాటి సైన్సు చదువుతానన్న ఆడపిల్లను "నీకెందుకు" అనకుండా కాపాడుకోవాలి. ఆమె ఏం కనిపెడుతుందో మనకు తెలియదు. ఏ ప్రశ్న అడుగుతుందో మాత్రం తెలుసు. మన ఒంట్లోంచి, మన ఇంట్లోంచి పుట్టిన ప్రశ్నే అడుగుతుంది.

శాలువా కప్పితే సన్మానం ఆ పూటకే. కనిపెట్టినది చివరి ఇంటి చివరి ఆడపిల్ల దాకా చేరిన రోజున కనిపెట్టినవాళ్లందరికీ, పేరున్నవాళ్లకూ లేనివాళ్లకూ, నిజమైన సన్మానం జరిగినట్టు. ఆ పని మన చేతుల్లోనే ఉంది.